ముందే రాసిన వారం

కుర్చీలో ఊరికే కూర్చోవడం కూడా ఒక పనేనని ఒంట్లో బాగున్నవాళ్లకి తెలియదు, వీపును నిలబెట్టాలి, దాని మీద మెడను నిలబెట్టాలి, ఒడిలో ఉన్నది జారిపోకుండా మోకాళ్లు దగ్గరగా పెట్టుకోవాలి, ఇన్ని చేస్తూ మళ్లీ ఏ పనీ లేనిదానిలా కనబడాలి, అనుకుంది ఆమె, డాక్టరు గది బయట గోడవారగా వేసిన ఇనుప కుర్చీల వరసలో చివరిదాంట్లో కూర్చుని. ఒడిలో నీలం అట్ట పుస్తకం. జబ్బు బయటపడ్డ కొత్తలో మందు ఎక్కించే నర్సు ఇచ్చింది దాన్ని, రోజూ నాలుగు ముక్కలు రాయండమ్మా, నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, వేళ్లు ఎలా ఉన్నాయి, మనసు ఎలా ఉంది, డాక్టరుగారు అది చూసే ఎంత మందు ఎక్కించాలో చెప్తారు అని. నాలుగు ముక్కలేగా అనుకుంది అప్పుడు. సగం జీవితం నీళ్ల పంపుహౌసులో కూర్చుని గంటగంటకీ లాగ్‌బుక్కు నింపిన మనిషికి నాలుగు ముక్కలు ఒక లెక్కా. అక్క రక్తపరీక్ష రిపోర్టు తేవడానికి కింది అంతస్తుకి వెళ్లింది. అది వచ్చాక లోపలికి పిలుస్తారు, పిలవగానే ఈ పుస్తకం డాక్టరు చేతిలో పెట్టాలి. ఇందులో రాసింది అబద్ధం. పచ్చి అబద్ధం అనడానికీ లేదు, జరగకముందే రాసిపెట్టిన సంగతులు, వాటిలో కొన్ని అలాగే జరిగాయి, కొన్ని జరగలేదు.

కిందటిసారి మందు ఎక్కించుకోవడానికి ముందురోజు, ఆదివారం, ఒళ్లు కాస్త తేలిగ్గా ఉంది. వారానికోసారి మందు, మందు వెనక వచ్చే రోజులు ఎప్పుడూ ఒకే వరసలో వస్తాయి, మొదట ముఖం కమిలినట్టు వేడి, తర్వాత వాంతులు, తర్వాత ఎముకల్లో ఎవరో కూర్చుని లోపలినుంచి తడుతున్నట్టు నొప్పులు, ఆ తర్వాత ఏం తిన్నా నోట్లో ఇనుము రుచి, చివర్లో ఒక మంచిరోజు, అదీ వచ్చిందని తెలిసేలోపే వెళ్లిపోయేది. డాక్టరుకి తెలుసు, నర్సుకి తెలుసు, తనకి తెలుసు, ఇంకా ప్రతి సాయంత్రం మంచం మీద లేచి కూర్చుని అదే పాట పాడటం దేనికి? అక్క తన పార్లర్‌కి వెళ్లింది, బావ ముందుగదిలో టీవీ నోరు నొక్కి బొమ్మలు చూసుకుంటున్నాడు, ఆమె పుస్తకం తెరిచి ఆ వారమంతా ఒక్క ఊపులో నింపేసింది, చెయ్యి ఎలాగూ పనిలో ఉంది కదా అని పై వారం కూడా నింపేసింది. నిద్ర అంతంతమాత్రం, తిండి కొంచెం, వేళ్లు ఫర్వాలేదు, మనసు ఫర్వాలేదు, మామూలే. మళ్లీ నిద్ర అంతంతమాత్రం. చివరి పేజీ అయ్యేసరికి ఎంత హాయి అనిపించిందంటే, ఆ రోజులన్నీ అనుభవించడం కూడా అయిపోయినట్టే అనిపించింది. అయిపోలేదు. రాసిన తర్వాత ఒక్కొక్కటే వచ్చి తీరుబడిగా కూర్చున్నాయి.

సిద్ధాంతిగారు ఇలాగే చేసేవాడు. అసలు పేరు పెట్టి ఆయన్ని ఎవరూ పిలవలేదు, పంపుహౌసులో అందరికంటే పెద్దవాడు, డ్యూటీకి రాగానే చెప్పులు కూడా విడవకుండా లాగ్‌బుక్కు ముందేసుకుని షిఫ్టు మొత్తానికీ ప్రెషర్ లెక్కలు రాసేసేవాడు, ఇంకా రాని గంటలకి కూడా, అందుకే ఆ పేరు. మోటారు మనలాంటిది కాదు తల్లీ, మాటంటే మాటే, అనేవాడు ఆమెతో, రాసేసి టోపీ ముఖం మీద వేసుకుని పడుకునేవాడు. ఒకరోజు మధ్యాహ్నం కరెంటు దెబ్బకి మోటారు ఆగిపోయింది, చడీచప్పుడు లేకుండా ఆగింది, ఇంజనీరు వచ్చి చూస్తే పంపు చల్లగా పడి ఉంది, పుస్తకంలో మాత్రం సాయంత్రం దాకా ప్రెషర్ బ్రహ్మాండంగా ఉంది. ఇంజనీరు కోప్పడలేదు, అద్దాలు తుడుచుకుని, ఏమండీ సిద్ధాంతిగారూ, ఇంతకీ రేపు వాన పడుతుందా లేదా చెప్పండి, గొడుగు తెచ్చుకుంటాను, అన్నాడు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆమే. పొట్ట పట్టుకుని, గోడకి ఆనుకుని, కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు ఎవరి దగ్గరుందో, ఆయన ఉన్నాడో లేడో కూడా తెలియదు, ఉంటే ఈ నీలం అట్ట పుస్తకం చూపించి, ఇదిగో మీ శిష్యురాలిని, అని చెప్పాలనిపించింది.

కానీ సిద్ధాంతిగారి లెక్కల్లో ఆగింది మోటారు ఒక్కటే. తన లెక్కల్లో ఆగింది వేళ్లు. పంపు నడుస్తున్నప్పుడు ఆమె గేజి కన్నా ముందు చేతిని నమ్మేది, బేరింగు మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, ఇది ఎండకి ఎక్కిన వేడా, అరుగుదల వేడా అని చెప్పేసేది, గేజి ముల్లు ఆ తర్వాత ఎప్పుడో నిదానంగా వచ్చి అవునని తలూపేది. ఆ చెయ్యే. మందు మొదలైన కొత్తలో వేలిచివర్లు చిమచిమలాడాయి, తర్వాత ఎవరో పల్చటి తొడుగు వేసినట్టయింది, ఈమధ్య తొడుగు ఉందో చెయ్యి ఉందో కూడా తెలియడం లేదు. బుధవారం పొద్దున వంటింట్లో అక్క టీ పోసి ఇచ్చింది, స్టీలు గ్లాసు, ఆమె పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఎదురింటి మేడ మీద ఆరేసిన దుప్పట్లు చూస్తూ నెమ్మదిగా తాగింది, ఎంత నెమ్మదిగానో, గ్లాసు కింద పెట్టాక చూసుకుంటే చూపుడువేలి లోపలివైపు బొబ్బ లేచి ఉంది. నొప్పి లేదు. నొప్పి లేకపోవడం కన్నా భయం వేసే సంగతి ఇంకొకటి ఉంటుందని ఆమె అనుకోలేదు. ఆవిరి తగిలిందే అక్కా, అంది. అక్క చూసింది, మందు రాసింది, గుడ్డ చుట్టింది, ఏమీ అనలేదు. బుధవారం పేజీలో, ఆదివారమే రాసిపెట్టిన అక్షరాలు, వేళ్లు ఫర్వాలేదు.

వేళ్లు మొద్దుబారితే దాచకూడదమ్మా అని నర్సు ఎన్నిసార్లు చెప్పిందో. దాచితే ఆ స్పర్శ మళ్లీ రాకపోవచ్చట. చెప్తే మందు తగ్గిస్తారట, లేదా ఆపేస్తారట. ఈ రెండో ముక్క నర్సు చెప్పలేదు, పక్క మంచం మీద మందు ఎక్కించుకునే లారీ డ్రైవరు చెప్పాడు, ఉన్ని టోపీ కళ్లదాకా లాక్కుని, గుట్టుగా, చెప్పకండి మేడమ్, నేను చెప్పలేదు, తగ్గించారంటే ఒంట్లో ఉన్న ఆ పురుగు మళ్లీ లేచి కూర్చుంటుంది, అని. ఆయన ఈమధ్య కనబడటం లేదు. బాగై వెళ్లాడా, ఇంకోలా వెళ్లాడా, అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. చేతులా, రోజులా? ఏది కావాలో నువ్వే తేల్చుకో అని ఎవరో తన మీద వదిలేసినట్టుంది, అక్కడే ఆమెకి కోపం వస్తోంది, కోపం కూడా పూర్తిగా రావడం లేదు, సగం దారిలో కూర్చుండిపోతోంది. చచ్చిపోవాలని లేదు. అది మటుకు లేదు, అడిగితే గట్టిగానే చెప్తుంది. అలిసిపోయింది, అంతే. ఒకసారి రిలీవర్ రాలేదు, బస్సు చెడిపోయి దారిలో ఉండిపోయాడు, ఆమె తన షిఫ్టు మీద ఇంకో షిఫ్టు నడిపింది, కాళ్లు వాచిపోయాయి, మోటారు హోరు చెవుల్లోంచి పళ్లలోకి దిగింది, అయినా ఆ అలసట వేరు, తలుపు వైపు చూస్తూ ఉండొచ్చు, ఎప్పుడో ఒకప్పుడు ఆ తలుపు తోసుకుని ఎవడో ఒకడు వస్తాడు, చార్జ్ తీసుకున్నాను, మీరెళ్లండి, అంటాడు. ఈ ఒంటికి రిలీవర్ లేడు. నిద్రపోయినా డ్యూటీలోనే, స్నానం చేస్తున్నా డ్యూటీలోనే, ఇలా కుర్చీలో కూర్చున్నా డ్యూటీలోనే.

ఎదురుగోడకి గడియారం కింద ఒక అద్దం ఉంది, ఆస్పత్రిలో అద్దం పెట్టాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో వాళ్లకో దణ్ణం. అందులో తన ముఖం, దాని మీద అక్క గీసిన కనుబొమలు. అక్కకి పార్లర్ ఉంది, ఆ చుట్టుపక్కల ఆడవాళ్ల కనుబొమలన్నీ అక్క దారానికి తలవంచినవే, అలాంటి అక్కకి చేతిలో పని లేకుండా చేసిన మొట్టమొదటి కస్టమర్ని నేనే అని ఆమె నవ్వించబోయింది, కనుబొమలు రాలిన వారం. అక్క నవ్వలేదు. ఆ మర్నాటి నుంచి ఆస్పత్రికి బయల్దేరే ముందు గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి పెన్సిలుతో గీస్తుంది, నాలుక చివర బయటపెట్టి, చిన్నప్పుడు లెక్కలు చేసేటప్పుడు పెట్టినట్టే. ఒక్కోసారి ఎడమది కాస్త పైకి పోతుంది, ఆ రోజంతా ఆమె ముఖంలో ఎవరినో నిలదీస్తున్న వాలకం ఉంటుంది. ఇవాళ కూడా ఎడమది పైకి పోయింది. ఇంట్లో అందరూ మునివేళ్ల మీద నడుస్తారు, బావ తుమ్ము వచ్చినా పెరట్లోకి వెళ్లి తుమ్మి వస్తాడు, పాపం, మోటార్ల మధ్య బతికినదానికి ఆ నిశ్శబ్దంలోనే నిద్ర పట్టదని ఆయనకెలా తెలుస్తుంది. తను చెప్తే కదా. తను చెప్పనివి ఎన్ని ఉన్నాయో. అక్క నా కోసం ఇంత పోరాడుతుంటే, డాక్టర్లతో వాదించి, ఆస్పత్రి రోజుల్లో పార్లర్ మూసి, నాకు చేతకాని రోజున నా బదులు కూడా మొండికేసి, నేను వెళ్లి ఆ మందు ఆపించుకుని వస్తే అక్క ముఖం ఎలా చూడను, అనుకుంది. దాచడానికి అసలు కారణం ఆ పురుగు భయం కూడా కాదేమో, అక్క ముఖమేనేమో.

లాగ్‌బుక్కులో ఒక పద్ధతి ఉండేది. తప్పు రాస్తే చెరపకూడదు, దిద్దకూడదు, పేజీ చించనే కూడదు. దాని మీద ఒక్క గీత, కింది అక్షరాలు చదవడానికి వీలుండేట్టు, పైన సరైనది, పక్కన సంతకం. ఎవరు ఏం తప్పుగా అనుకున్నారో తెలిస్తేనే తర్వాత వచ్చినవాడికి మోటారు సంగతి తెలుస్తుంది. సిద్ధాంతిగారి పేజీ మీద ఇంజనీరు ఆయన చేతనే గీత కొట్టించాడు, ఆయన రూళ్లకర్ర కోసం వెతికితే, చేత్తోనే కొట్టండి, వంకరపోతే పోనీ, అన్నాడు. ఆమె సంచిలోకి చెయ్యి పెట్టింది పెన్ను కోసం. చేతికి ఏదీ తెలియలేదు, పెన్నో దువ్వెనో తాళంచెవో, సంచి లోపల అంతా ఒకటే అయిపోయింది, అందుకని ఒక్కొక్కటీ బయటికి తీసి కళ్లతో చూసి పక్క కుర్చీలో పెట్టింది. నీళ్లసీసా. మాత్రల డబ్బా. రుమాలు. అక్క కనుబొమల పెన్సిలు. పెన్ను లేదు, రిపోర్టు కోసం సంతకం పెట్టాలంటే అక్క తీసుకెళ్లింది. ఆమె ఆ పెన్సిలు వంక కాసేపు చూసింది. తర్వాత దాన్ని పిడికిట్లో పట్టుకుంది, చంటిపిల్లలు పట్టుకున్నట్టు, ఎందుకంటే అలా పట్టుకుంటేనే పట్టుకున్నట్టు కంటికి కనబడుతోంది.

సోమవారం మీద గీత. మంగళవారం మీద గీత. మెత్తటి పెన్సిలు, మైనం లాంటి నలుపు, గీత వంకరపోయింది, ఒకచోట రెండుగా చీలింది. బుధవారం మీద గీత కొట్టి, పైన, పిల్లల రాతలో, గ్లాసు కాలింది, తెలియలేదు, అని రాసింది. గురువారం, గుండీలు అక్క పెట్టింది. శుక్రవారం, నేల మీద పడ్డ మాత్ర చేతికి దొరకలేదు, వంగినందుకు ఏడుపొచ్చింది. మనసు ఫర్వాలేదు అన్న ముక్క దగ్గర ఆగింది, అది కూడా తప్పేనా అని ఆలోచించింది, ఆలోచించే ఓపిక లేక దాని మీదా గీత కొట్టి, అలిసిపోయాను, అని రాసింది. ఎందుకో దొంగతనం చేసినట్టు చుట్టూ చూసింది. చూసేసరికి అక్క ఎదురుగా నిలబడి ఉంది, రిపోర్టు కవరు చంకలో పెట్టుకుని, మెట్లెక్కిన ఆయాసంతో.

"నా పెన్సిలు పాడుచేశావు కదే పొట్టీ," అంది అక్క. వయసు యాభై దాటినా అక్కకి ఆమె పొట్టిదే. తర్వాత వంగి పుస్తకంలోకి చూసింది. చదవడానికి చాలాసేపు పట్టింది, అక్షరాలు అలా ఉన్నాయి మరి. ఆమె అక్క ముఖం చూడలేక అక్క చెప్పులు చూస్తూ కూర్చుంది, కుడిచెప్పు పట్టీ తెగడానికి సిద్ధంగా ఉంది, కొత్తవి కొనుక్కోవడానికి కూడా తీరిక లేదు కాబోలు ఈమెకి నా వల్ల, అనుకుంది.

"తిట్టు," అంది ఆమె.

అక్క తిట్టలేదు. పక్క కుర్చీలో ఉన్న నీళ్లసీసా, మాత్రల డబ్బా తీసి తన ఒడిలో పెట్టుకుని కూలబడింది. "ఆవిరి తగిలితే వేలి లోపలివైపు కాలుతుందటే? నేనేమన్నా వెర్రిదాన్నా. ఆ రోజే తెలుసు నాకు," అంది. "తెలిసీ నోరు మూసుకున్నాను. డాక్టరుకి చెప్తే ఆపేస్తాడని. నీ చేతులు ఏమైతే నాకేంటి, మనిషి ఉంటే చాలు అనుకున్నానే. రోజూ నీకు గుండీలు పెడుతూ అదే అనుకున్నాను." అక్క గొంతు పైకి లేచింది, వరసలో ఉన్నవాళ్లు ఇటు చూశారు. "నిన్ను అడగలేదు చూడు. నీ చేతులు కదా, నిన్ను అడగాలి కదా."

ఒకరికొకరు కనబడకుండా ఇద్దరూ ఒకే అబద్ధాన్ని చెరో వైపు పట్టుకుని మోసుకొచ్చారన్నమాట ఇంత దూరం. బరువు అనిపించక ఏం చేస్తుంది. అక్క చెయ్యి వచ్చి తన చేతి మీద పడింది, పడటం చూసింది, బరువు మణికట్టు దగ్గర తెలిసింది, వెచ్చదనం తెలియలేదు. అది తెలియనందుకు, బొబ్బకి రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. లోపలినుంచి నర్సు తల బయటపెట్టి పిలిచింది.

డాక్టరు కుర్రవాడే, ఎప్పుడూ నిద్ర చాలనివాడిలా ఉంటాడు, ఆ విషయంలో ఆమెకి అతనంటే కొంచెం ఆపేక్ష. పుస్తకం తిప్పాడు, గీతలు చూశాడు, గీతల కింద ఉన్నది చదివాడు, పైన ఉన్నది చదివాడు, ఇది ఏ పెన్నుతో రాశారు అని అడగబోయి ఆమె కనుబొమలు చూసి ఊరుకున్నాడు. కళ్లు మూసుకుని చేతులు బల్ల మీద చాచమన్నాడు. "ఏ వేలు ముట్టుకుంటున్నానో చెప్పండమ్మా," అన్నాడు. ఆమె కళ్లు మూసుకుంది. బేరింగు మీద చెయ్యి పెట్టినప్పుడు మూసుకున్నట్టే, ఊపిరి కూడా బిగబట్టి. గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, కాస్త ఊగుతోంది, పైన నట్టు వదులైనట్టుంది, ఎవరన్నా బిగిస్తే బావుండు. అక్క గాజులు ఒకసారి కదిలి ఆగాయి. ఎక్కడో నీళ్లు పడుతున్నాయి. ఆమె ఎదురుచూసింది. ఇతనికి ఏదో ఫోను వచ్చి ఉంటుంది, లేకపోతే సూది కోసం వెతుకుతున్నాడు, ఎంతసేపని ఇలా చేతులు చాచుకుని కూర్చోవడం.

"మొదలుపెట్టండి డాక్టరుగారూ," అంది.

"అయిపోయిందమ్మా. కళ్లు తెరవండి," అన్నాడు.

తెరిచింది. అతను అప్పటికే కుర్చీలో వెనక్కి జరిగి కూర్చున్నాడు. అక్క నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకుని ఉంది. అతను మెల్లగా చెప్పాడు, ఇవాళ మందు ఎక్కించడం లేదని, ఈ మందు ఇంతటితో ఆపుదామని, కొన్నాళ్లు చూసి వేరేదానికి మారాలా ఏంటన్నది చెప్తానని. ఆపితే మరి జబ్బు, అని అక్క అడిగింది, మిగతా మాట పూర్తి చేయకుండా. "ఇంతవరకూ మందు బాగానే పనిచేసింది. ఇకముందు ఎలా ఉంటుందో నేను మాటివ్వలేనండీ," అన్నాడతను. "ఇలాగే ఇస్తూ పోతే చేతులు పోతాయి. అది మాత్రం నాకు తెలుసు. వేళ్లు తిరిగొస్తాయా అంటే, కొంతమందికి వస్తాయి, నెమ్మదిగా."

ఆమెకి భయం వేయాలి. వేసింది కూడా. కానీ దానికంటే ముందు, దాన్ని తోసుకుని ఇంకొకటి వచ్చింది, సిగ్గు లేకుండా, ఇవాళ సూది లేదు, రేపు వాంతి లేదు, ఎవరో తలుపు తోసుకుని వచ్చి మీరెళ్లండి అన్నట్టు, అనుకోని వేళ. శాశ్వతంగా కాదని తెలుసు. ఒక షిఫ్టు మాత్రమేనని తెలుసు. అయినా కాళ్లలోకి ఏదో తేలిక వచ్చి, కుర్చీలోంచి తనంతట తనే లేచింది, అక్క పట్టుకునేలోపే.

బయట అదే వరసలో మళ్లీ కూర్చున్నారు ఇద్దరూ, లిఫ్టు దగ్గర రద్దీ తగ్గేదాకా. అక్క ఫోన్లో బావకి సంగతి చెప్పి, కళ్లు ఒత్తుకుని, మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు, "టీవీ గట్టిగా పెట్టుకోమంటోంది నీ మరదలు, ఆవిడకి చప్పుడు లేకపోతే నిద్ర పట్టదట," అని చెప్తోంది, ఆ మాట తను ఎప్పుడు అందో ఆమెకే గుర్తు లేదు, ఇప్పుడే అన్నట్టుంది. ఒడిలో పుస్తకం రేపటి పేజీ దగ్గర తెరుచుకుంది. అక్కడ ఆదివారం నాటి తన చక్కటి రాత, నిద్ర అంతంతమాత్రం, వాంతి, వేళ్లు ఫర్వాలేదు, మనసు ఫర్వాలేదు, మామూలే. ఆ పై పేజీలో కూడా అంతే, ఆ పైన కూడా. ఆమె పెన్సిలు పిడికిట్లో పట్టుకుని రేపటి మీద ఒక గీత కొట్టింది. ఎల్లుండి మీద కొట్టింది. వారం చివరిదాకా కొట్టుకుంటూ పోయింది, వంకరపోతే పోనీ అని.

అక్క ఫోను పెట్టేసి తొంగిచూసింది. "కొట్టేశావు సరే. పైన ఏం రాయవేం?"

"రేపు ఇంకా రాలేదుగా అక్కా," అంది ఆమె.